రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునే పెట్టె

కాలిపోయిన మోటారు తెస్తే భిక్యా ముందుగా దాన్ని విప్పడు. దాని పక్కన గొంతుక్కూర్చుని తెచ్చిన మనిషిని అడుగుతాడు. "ఎప్పటిసంది పాణం బాగలేదు? పడిపొయ్యే ముందు మూలిగిందా? వాసనొచ్చిందా? ఎవలన్న చెయ్యి పెట్టిండ్రా?" అచ్చం ఊళ్లో ఆరెంపీ డాక్టరు అడిగినట్టే. తర్వాత స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని, కొస మోటారుకు ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు. మోటారుకు కరెంటు లేకపోయినా వింటాడు. ఏం వినిపిస్తుంది నాయనా అని ఒకసారి అడిగాను.

"ఏం ఇనవడది టీచరమ్మ. ఇనకుంటే పటేండ్లకు నమ్మకం గుదరది" అన్నాడు.

ఈ భిక్యాకు నేనే ఆరూ ఏడూ తరగతుల్లో తెలుగు చెప్పాను. తండా నుంచి బాన్సువాడ దాకా నడిచి వచ్చేవాడు. వాళ్ల నాయన జేత్యా బావులు తవ్వేవాడు. నాయన తవ్విన బావుల్లోకి దిగే మోటార్లు కొడుకు బాగుచేశాడంటే అది కూడా కులవృత్తి లాంటిదే అని నేను అంటే నవ్వేవాడు. ఏడుతో చదువు ఆపి, బోధన్‌లో ఒక ఉస్తాదు దగ్గర వైండింగు పని నేర్చుకుని వచ్చి, పిట్లం రోడ్డు మీద రేకుల డబ్బా పెట్టాడు. ఆ రోజుల్లో మా వైపు ఆ పనికి కరువే లేదు. త్రీఫేజు కరెంటు ఒక వారం పొద్దున, ఒక వారం రాత్రి, వంతుల వారీగా వచ్చేది. రాగానే అందరి మోటార్లూ ఒక్కసారి లేచేవి. అందులో రెండు కాలేవి. ఆ రెండూ భిక్యా డబ్బా ముందు ఉండేవి.

వాడి పేరు ఎందుకు నిలబడిందంటే, ఏ మిషను తెచ్చినా "నాతోని కాదు" అనేవాడు కాదు. మిక్సీ తెచ్చినా, సినిమా హాలు ఫ్యాను తెచ్చినా, పెళ్లి మైకు తెచ్చినా సరే. ఒకాయన చేతిగడియారం తెస్తే, "గిదేంది, ఉడత పిల్లలెక్కున్నది" అంటూనే మూడు రోజులు పెట్టుకుని నడిపించి ఇచ్చాడు. కొంచెం వెనక్కి నడిచేదనుకోండి.

నేను ముప్ఫై మూడేళ్లు పాఠాలు చెప్పిన మనిషిని, ఒక మాట ఎత్తుకుంటే ఇంకో వీధిలో తేలుతాను. పెట్టె సంగతికి వస్తాను.

తొంభై ఏడు చలికాలం. మా ఎదురింటి ఆదిశేషయ్య వరీ చెరకూ పండించే ఆసామి. ఆయన తల్లి పోసవ్వకు ఎనభై దాటాయి. ఆమె నులక మంచం కింద ఏడాదికి నాలుగు నెలలు కుంపటి ఉండాల్సిందే. అంతకు ముందు చలికాలం ఆ కుంపటి నుంచి నిప్పురవ్వ లేచి బొంత అంచు అంటుకుంది. ట్రాక్టరు నడిపే పండరి చూసి బిందెడు నీళ్లు గుమ్మరించాడు కాబట్టి సరిపోయింది. పోసవ్వ మాత్రం నెల రోజులు పండరినే తిట్టింది, పక్క తడిపాడని. ఆ రోజు నుంచి ఆదిశేషయ్యకు కంటి మీద కునుకు లేదు. అవ్వా, కుంపటి ఇడిసిపెట్టవే అని కాళ్లావేళ్లా పడ్డాడు. ఆమె వినలేదు.

అలాంటప్పుడు మహమ్మద్‌నగర్ వైపు ఒక బంగళాలో సామాను వేలం వేశారు. ఏదో కాలువల పని మీద చలిదేశం నుంచి వచ్చిన ఇంజనీరు దొర వెళ్లిపోతూ వదిలేసిన సామాను అది. అందులో తెల్లటి ఇనుప పెట్టె ఒకటి ఉంది. మంచమంత పొడుగు, నడుమెత్తు. బంగళా కాపలావాడు ఆదిశేషయ్యకు దాని మహిమ చెప్పాడు. ఇది ఆరేడు గంటలు కరెంటు తిని వేడిని కడుపులో దాచుకుంటుంది, ఆ తర్వాత తీగ పీకేసినా పూటంతా వేడి ఇస్తూనే ఉంటుంది, మంట లేదు, పొగ లేదు అని. ఆదిశేషయ్య కళ్లు మెరిశాయి. పగలు తినిపించి రాత్రి తల్లి మంచం పక్కన పెట్టొచ్చు. కొనేశాడు.

అక్కడే అసలు పని జరిగింది. పెట్టెను ఆరుగురు పట్టినా కదల్లేదు. పండరి పక్క రేకు విప్పి చూసి కేక పెట్టాడు.

"పటేలా, మోసం! లోపలంత ఇటుకలే!"

ఆదిశేషయ్య సంగతి మీకు తెలియదు. తూకం దగ్గర ఆయనంత అనుమానం మనిషి మండలంలో లేడు. యార్డుకు వచ్చే వడ్ల బస్తాల అడుగున రాళ్లు పెట్టేవాళ్లను, చెరకు మోపులో మట్టిపెళ్ల దాచేవాళ్లను చూసి చూసి ఉన్నాడు. ఏ బస్తా కొన్నా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడందే ఇంట్లోకి రానివ్వడు. ఇప్పుడు వంగి చూశాడు. ఇనుప రాడ్ల మధ్య వరసగా పేర్చిన నల్లటి ఇటుకలు.

"దొరలు గూడ గిట్లనే జేస్తరా! తియ్యి, అన్ని తియ్యి!" అన్నాడు.

మొత్తం ఇరవై నాలుగు. అన్నీ తీశాక పెట్టె ఎంత తేలికైందంటే, పండరి ఒక్కడే భుజానికెత్తుకున్నాడు. ఇటుకలు బరువుగా, నున్నగా, చూడ ముచ్చటగా ఉన్నాయని వాటినీ ట్రాలీలో వేసుకొచ్చారు. ఇంటి ముందు దిగి ఆయన ఈ కథ చెబితే, అబద్ధం ఎందుకు, నేను కూడా "భలే పట్టారు!" అని మెచ్చుకున్నాను. గాజుగ్లాసుల మధ్య గడ్డి పెట్టినట్టు, దారిలో రాడ్లు కదలకుండా పెట్టి ఉంటారేమో అని ఒక జ్ఞానం మాట కూడా జోడించాను.

పెట్టెను పోసవ్వ గదిలో పెట్టి, తీగ తగిలించి, మీట నొక్కారు. రాడ్లు ఎర్రబడ్డాయి. ఇంతలో, అంటే నేను కుర్చీ లాక్కుని కూర్చునే లోపలే, లోపల "టక్" మని చప్పుడైంది. రాడ్లు నల్లబడ్డాయి. పావుగంటలో పెట్టె చల్లగా కూర్చుంది. కాసేపటికి మళ్లీ ఎర్రబడింది, మళ్లీ టక్. రోజంతా అదే తంతు. సాయంత్రం తీగ పీకితే, పోసవ్వ తమలపాకు నమిలి ఉమ్మి వచ్చేసరికి పెట్టె మంచుగడ్డ.

పోసవ్వ తీర్పు చెప్పింది.

"మూడొద్దులు సూస్త. పొద్దుగూకినప్పటిసంది తెల్లారేదాక ఎచ్చగుంటెనే నా కుంపటి ఇస్త. లేకుంటే గీ డబ్బాల కోళ్లను కమ్ముకుంట."

అప్పుడు భిక్యా వచ్చాడు. పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎవలు దెచ్చిండ్రు?"

"నేనే" అన్నాడు పండరి.

"తొవ్వల పడ్డదా?"

"పడలే. పువ్వులెక్క దెచ్చిన. ఒక్కణ్నే ఎత్తిన!"

భిక్యా తల ఊపి స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాడు. కరెంటు పెట్టించాడు. టక్ మనగానే కళ్లు తెరిచి నా వైపు చూశాడు.

"టీచరమ్మ, గిది తింటలేదు. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటుంది. ఆకలి సచ్చింది దీనికి."

వేడి చాలనిపించగానే కరెంటు ఆపే చిన్న బిళ్ల ఒకటి ఉంటుందట అందులో. తప్పంతా దానిదే అయి ఉంటుందని ఊడదీశాడు. పోసవ్వ బజ్జీల మూకుట్లో నూనె కాచి, అందులో ముంచి పరీక్షించాడు. బిళ్ల బంగారంలా పనిచేసింది. మూకుడు మాత్రం పనికిరాకుండా పోయింది. రాడ్లకు ఒక్కొక్కదానికీ బల్బు పెట్టి చూశాడు. అన్నీ బాగున్నాయి. అప్పుడు నేను ఊరుకోలేక నోరు తెరిచాను. సైన్సు సారు సెలవు పెట్టినప్పుడల్లా ఆ క్లాసు నేనే చూసేదాన్ని. నల్లరంగు వేడిని పట్టి ఉంచుతుందని పుస్తకంలో ఉంది నాయనా, అన్నాను. సాయంత్రానికల్లా పండరి పెట్టెకు తలుపుల నల్లరంగు కొట్టేశాడు. అప్పటి నుంచి అది చల్లగా ఉండటమే కాకుండా చూడ్డానికి భయంగా కూడా ఉండేది.

రెండో రోజు పొద్దున భిక్యా మొహం వెలుగుతూ వచ్చాడు.

"పటేలా, దొరికింది! మీ ఇంట్ల బలుబు సూసిండ్రా? రేగుపండు లెక్క ఎలుగుతుంది. గీ పాణంలేని కరెంటు తిని అదేం బలుస్తది? మీ పొలం కాడ మోటరు షెడ్డుల కరెంటు జోరుగుంటది. గీ వారం మనకు పొద్దుటి వంతే. పెట్టెను గాడికి తీస్కపోయి, కడుపునిండ తినిపిచ్చి, సల్లారకముందే తెద్దాం!"

ఇంత తెలివైన మాటకు ఎవరు కాదంటారు? ట్రాలీలో గడ్డి పరిచి పెట్టెను పడుకోబెట్టారు. పోసవ్వ తనూ వస్తానంది. "మీరు సల్లగున్నదాన్ని ఎచ్చగున్నదంటరు, నాకు తెల్వదా" అని ట్రాలీ ఎక్కి కూర్చుంది. నేను ఎందుకు ఎక్కానో నాకే తెలియదు, ఆదివారం గదా.

షెడ్డు దగ్గర మూడు గంటలు తినిపించారు. టక్, టక్, టక్. చప్పుళ్లు మాత్రం జోరుగా వచ్చాయి. చివరి టక్ కాగానే తీగ పీకి, నాలుగు బొంతలు తెల్ల దుప్పటితో కలిపి పెట్టె మీద కప్పి, తాళ్లతో కట్టి బయల్దేరారు. పోసవ్వ బొంతల కింద చెయ్యి పెట్టి, దారి పొడుగునా చెప్తూ వచ్చింది.

కాలువ గట్టు దగ్గర, "ఎచ్చగున్నది."

"పండరీ, ఉరికియ్యి!" అని భిక్యా అరిచాడు.

రైసుమిల్లు దగ్గర, "గోరెచ్చగున్నది."

"ఉరికియ్యిరా!"

కానీ ఎలా ఉరికిస్తాడు? ఊరు మొదలైంది. తెల్ల దుప్పటి కప్పి తాళ్లతో కట్టిన పొడుగాటి వస్తువు, దాని మీద చెయ్యేసి కూర్చున్న ముసలమ్మ, పక్కన దిగాలుగా నేను. హోటలు ముందు కూర్చున్నవాళ్లు లేచి నిలబడి తలపాగాలు తీశారు. కొందరు ట్రాలీ వెనకే నడవడం మొదలుపెట్టారు. సందు మొగదాల అంజవ్వ ఎదురొచ్చింది. ఆమెకు ఏడుపు రావడానికి పోయినవాళ్ల పేరు అక్కర్లేదు. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని రాగం అందుకుంది.

"అయ్యో పోసవ్వో! ఎంత పని జరిగెనే! మొన్న గదనే నాతోని మాట్లాడింది!"

"ఎవలే మాట్లాడింది?" అంది పోసవ్వ.

"ఎవలో గని, పోయింది ఎవలు?"

"ఎవలు పోలే. పెట్టె."

"పెట్టెలెవలున్నరు?"

"ఎవలు లేరే! ఎచ్చగున్నదా అని సూస్తున్న!"

అంజవ్వ గట్టిగా గుండె బాదుకుంది. "ఇంక ఎచ్చగనే ఉన్నరా! మరి దవాఖానకు తీస్కపోక ఇంటికెందుకు తెస్తుండ్రు!"

ఇంటి ముందు దిగేసరికి వెనక పదకొండు మంది ఉన్నారు. వాళ్లల్లో ఒకాయన పాడె కోసం వెదురు బొంగులు ఎక్కడ దొరుకుతాయో పండరిని గుసగుసగా అడుగుతున్నాడు. పోసవ్వ చెయ్యి బయటికి తీసి ప్రకటించింది.

"సల్లగైంది."

ఆ మాటతో వెనకున్నవాళ్లంతా ఒక్కసారిగా కూలబడ్డారు.

మూడో రోజు సోమవారమైనా నేను బడికి సెలవు పెట్టేశాను. పోసవ్వ పెట్టిన గడువు ఆ సాయంత్రంతో సరి. భిక్యా పొద్దున్నే వచ్చి పెట్టె ముందు కూర్చున్నాడు గానీ, చెవికి స్క్రూడ్రైవరు పెట్టుకోలేదు. ఆదిశేషయ్య అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. లోపల మంచం కింద కుంపటి పొగ చూరుతూనే ఉంది. ఆ పొద్దున పోసవ్వ దుప్పటికి అర్ధరూపాయంత కొత్త చిల్లు కనిపించింది.

"భిక్యా, సక్కగ జెప్పు. అయితదా, కాదా?" అన్నాడు ఆదిశేషయ్య.

భిక్యా స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఇరవై ఏళ్లలో వాడి నోట రాని మాట ఆ రోజు పెదాల దాకా వచ్చింది. నేను చూశాను.

మధ్యాహ్నం భిక్యా భార్య రూప్లి సద్ది తెచ్చింది. మొగుడు తినే స్థితిలో లేడు. గిన్నె పక్కన పెట్టి, పెరట్లో నీళ్లు కాచుకునే పొయ్యి గడ్డ మీద కూర్చోబోయింది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కెవ్వుమని లేచింది.

"గిదేంది! మంట ఆరిపోయి ఎంతసేపైంది?"

"పొద్దున స్నానాలకు పెట్టింది. ఆరిపోయి నాలుగ్గంటలైంది" అన్నాడు పండరి.

రూప్లి వంగి పొయ్యి చుట్టూ పెట్టిన ఇటుకల మీద అరచెయ్యి పెట్టి తీసింది. మళ్లీ పెట్టి తీసింది. "గిసోంటి ఇటుకలు నేనెన్నడు సూడలే. పొద్దుటి మంటను ఇప్పటిదాంక మోస్తున్నయి. ఏడియి?"

పండరి మీసం తిప్పాడు. "గా పెట్టె కడుపులకెళ్లి నేనే తీసిన. తూకం కోసం దొరలు పెట్టిన మోసం. ఇరువై నాలుగు!"

లోపల్నుంచి టక్ మని వినిపించింది.

భిక్యా మెల్లగా లేచాడు. పండరిని చూశాడు, ఆదిశేషయ్యను చూశాడు, నన్ను కూడా చూశాడు. నేను ఆకాశంలోకి చూశాను.

"దాని పేగులు దీసి పొయ్యి పెట్టుకున్నరు! తింటలేదని నన్ను సూడుమంటుండ్రు! తిన్నది ఏడ దాసుకుంటది పటేలా, మీ జేబులనా?"

"నువ్వు అడగలే గద" అన్నాడు ఆదిశేషయ్య చిన్నగా.

"ఎవలు దెచ్చిండ్రు, తొవ్వల పడ్డదా, అన్ని అడిగిన. పేగులు దీసిండ్రా అని ఏ దవాఖానల అడుగుతరు?"

ఇక ఇటుకల వేట. పొయ్యి దగ్గర ఆరు, బట్టలు ఉతికే బండ కింద ఎనిమిది దొరికాయి. అంజవ్వ ఇంట్లో మంచం కోళ్ల కింద నాలుగు మూలలా నాలుగు ఉన్నాయి. అవి తీస్తే ఆమె మళ్లీ ఏడ్చింది, ఈసారి మంచం కోసం. మా ఇంట్లో మెట్టుగా వేసుకున్నవి మూడు. వాటిని నేనే కొంగు కింద పెట్టుకుని తెచ్చిచ్చాను. ఆవకాయ జాడీ మీద బరువుకు రెండు. ఒక్కటి మాత్రం రాలేదు. దాన్ని పండరి తన పాలోళ్లతో, అంటే దాయాదులతో, ఏడేళ్లుగా తెగని పొలం హద్దు తగాదా ఉన్న చోట గెట్టురాయిగా పాతేశాడు. రెండు వైపులవాళ్లూ దానికి ఒప్పుకుని సంతకాలు కూడా పెట్టారు.

"అది పీకితే తలకాయలు పలుగుతయి భిక్యన్నా" అన్నాడు.

"పోనియ్యి. ఒక్క పన్ను లేకున్న ముద్ద మింగుడు ఆగది" అన్నాడు భిక్యా.

ఇరవై ఒకటి లోపల సర్దాడు. పండరి ఇటుకలు లాగినప్పుడు ఒక రాడ్డు వంగడంతో రెండు పట్టలేదు. వాటిని పెట్టె నెత్తిన పెట్టి మీట నొక్కాడు. అందరం చుట్టూ నిలబడ్డాం. రాడ్లు ఎర్రబడ్డాయి. టక్ కోసం చెవులు రిక్కించాం. ఐదు నిమిషాలైంది. అరగంటైంది. గంటైంది.

"తింటుంది!" అని భిక్యా గుసగుసలాడాడు. ఆ గొంతు విన్నవాళ్లెవరైనా పురిటి గది ముందు నిలబడ్డాడనుకుంటారు. "ఇంక తింటుంది!"

వీధిలో టీవీల బొమ్మలు కుంచించుకుపోయాయి. ఎవరో తిట్టారు. దీపాలు పెట్టే వేళకు ఎప్పట్లాగే కరెంటు పోయింది. పెట్టె మాత్రం నిండు కుండలా కూర్చుని వేడి కక్కుతోంది. పోసవ్వను తెచ్చి పక్కన మంచం మీద కూర్చోబెట్టారు. పెట్టెకు చేరగిలబడి పిల్లి అప్పుడే నిద్రపోయింది.

పోసవ్వ కాసేపు కూర్చుంది. బొంత తీసేసింది. చెంగుతో విసురుకుంది. నుదురు తుడుచుకుంది.

"అవ్వా, ఎట్లున్నది?" అన్నాడు ఆదిశేషయ్య.

"ఉడకబోస్తుంది. ఇండ్ల ఎవలు పంటరు? నా మంచం అర్రల్నుంచి అరుగు మీదికెయ్యిండ్రి."

వేశారు. అరుగు మీద ఈదురుగాలి. పోసవ్వ ముడుచుకుని కూర్చుని అంది.

"సలి పెడుతుంది. కుంపటి తెండ్రి."

ఆదిశేషయ్య గోడకు జారగిలబడ్డాడు. భిక్యా పెదవులు కదిలాయి. ఆ మాటే వస్తోందని నాకు అర్థమైంది. అంతలో రూప్లి లోపలికి పోయి, పెట్టె నెత్తిన వెచ్చబడిన రెండు ఇటుకలూ గోనెపట్టాలో చుట్టుకుని వచ్చింది. ఒకటి పోసవ్వ పాదాల దగ్గర, ఒకటి వీపు దగ్గర పెట్టి బొంత కప్పింది. పోసవ్వ కళ్లు మూసుకుంది.

రూప్లి మాకు మాత్రమే వినబడేట్టు అంది. "గీ ఇటుకలను పొయ్యి మీద పెట్టినా ఎచ్చగైతుండె గద పటేలా. గింత పెట్టె ఎందుకు?"

"చెల్లె, నీ కాల్మొక్కుత, గా మాట ఇంకెవలతోని అనకు" అన్నాడు ఆదిశేషయ్య.

పోసవ్వ కళ్లు తెరిచింది. "గిది ఎంతసేపుంటది?"

"తెల్లారేదాక అవ్వ. సల్లారితే లోపలికెళ్లి ఇంకో జత ఇస్తరు" అన్నాడు భిక్యా.

"మంట?"

"లేదు."

"పొగ?"

"లేదు."

పోసవ్వ ఆలోచించింది. అందరం ఆమె నోరే చూస్తున్నాం.

"మరి నా ఎల్లిపాయ ఏడ గాల్చుకోవాలె? దగ్గుకు రోజు నాలుగు రెబ్బలు గాలుస్త గద గా నిప్పుల మీద."

ఆదిశేషయ్య చటుక్కున లేచి తల్లి మంచం పట్టె పట్టుకున్నాడు. "నేను గాల్చిస్తనే అవ్వా! పొయ్యి కాడ గూసొని రోజు నేనే గాల్చి, పొట్టు దీసి ఇస్త!"

"మాడగొట్టవు గద?"

"మాడగొట్ట."

పోసవ్వ కొడుకును కిందికీ మీదికీ చూసింది. తర్వాత బొంతలోంచి చెయ్యి తీసి గది వైపు చూపించింది.

"అయితే తీస్కపోండ్రి. బూడిద పారబొయ్యకుండ్రి, రేపు గిన్నెలు తోమనీకి గావాలె."